మా హాస్టల్‌కు టైఫాయిడ్ వచ్చిన వారం

కొత్తగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో నాకు ఎంత ధైర్యం ఉండేదో ఇప్పుడు తలచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. మైక్రోబయాలజీలో ఎండీ పట్టా ఇంకా కొత్త వాసన వేస్తూనే ఉంది, నాందేడ్‌లో ఒక మెడికల్ కాలేజీలో తాత్కాలికంగా టీచర్ ఉద్యోగం దొరికింది. (కాలేజీ పేరు చెప్పను. చెబితే అక్కడ ఇంకా పనిచేస్తున్న నా స్నేహితురాళ్లు నాతో మాట్లాడటం మానేస్తారు.) మాది అదే జిల్లాలో, తెలంగాణ సరిహద్దు దగ్గరి కర్ఖేలి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో హిందీ, డాక్టరీలో ఇంగ్లీషు. ఈ నాలుగింటిలోనూ నాకు సమానంగా వచ్చింది ఒక్కటే, గట్టిగా మాట్లాడటం. తరగతిలో మైకు ఇస్తే తీసి పక్కన పెట్టేదాన్ని. నా గొంతు కారిడార్ చివరన ఉన్న చెట్టు కింది టీ కొట్టు దాకా వినిపించేదట. రెండో ఏడాది పిల్లలు క్లాసు ఎగ్గొట్టి ఆ కొట్టు దగ్గర కూర్చున్నా పాఠం తప్పించుకోలేకపోయేవాళ్లని మా డిపార్ట్‌మెంట్ పెద్ద మేడం అనేవారు. ఆవిడ మెచ్చుకుంటున్నారనే నేను అనుకునేదాన్ని.

నా పని, జ్వరాలకు కారణమైన క్రిములను ప్రయోగశాలలో ఎలా పట్టుకోవాలో పిల్లలకు నేర్పించడం. ఆ ఏడాది నాకు టైఫాయిడ్ పాఠం అప్పజెప్పారు. నాకు అంతకంటే ఇష్టమైన పాఠం లేదు. ఎందుకంటే ఆ పాఠంలో తిట్టడానికి ఒక శత్రువు ఉన్నాడు. ఆ శత్రువు పేరు విడాల్ పరీక్ష. మా వైపు ఎవరికి జ్వరం వచ్చినా రెండో రోజుకల్లా ఈ పరీక్ష చేయిస్తారు. రక్తంలోంచి తీసిన నీటిని ఒక చుక్క గాజు పలక మీద వేసి, అందులో నీలమో ఎరుపో రంగు వేసిన మందు చుక్క కలిపి, పలకను మెల్లగా ఊపుతారు. టైఫాయిడ్ క్రిమితో పోరాడటానికి శరీరం తయారుచేసుకున్న పదార్థాలు ఆ రక్తంలో ఉంటే చుక్క పాలు విరిగినట్టు గింజలు గింజలుగా అయిపోతుంది. దాన్ని పాజిటివ్ అంటారు. రోగికి సెలైన్ ఎక్కిస్తారు, ఇంటివాళ్లు పథ్యం పెడతారు. తిరకాసు ఏమిటంటే, ఎప్పుడో చిన్నప్పుడు ఆ క్రిమి ఒంట్లోకి వచ్చి వెళ్లిపోయినా, టీకా వేసుకున్నా కూడా ఆ పదార్థాలు కొన్ని రక్తంలో మిగిలిపోతాయి. కాబట్టి బండరాయిలా ఉన్న మనిషికి కూడా పాజిటివ్ రావచ్చు. మరోవైపు, నిజంగా టైఫాయిడ్ వచ్చిన మనిషికి మొదటి వారంలో ఏమీ కనబడకపోవచ్చు. ఇదంతా నేను బల్ల గుద్ది చెప్పాను. (బల్ల గుద్దడం నా పాఠంలో భాగం.)

అప్పుడు మొదటి బెంచీలో కూర్చున్న, బిలోలి ఊరి అమ్మాయి చెయ్యెత్తింది. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబం పిల్ల. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే మాత్రం ముల్లు గుచ్చినట్టు ఉండేది. "మేడం, మంచిగున్న మనిషికి కూడా పాజిటివ్ వస్తుందని పుస్తకంలో ఉంది, మీరు చెప్పారు. కానీ మేమెవరం చూడలేదు కదా?" అంది. పిల్లలు నవ్వారు. ఇంకెవరైనా అయితే "పరీక్షలో అదే రాయి" అని ముందుకు సాగేవాళ్లు. నేను మాత్రం "చూపిస్తా. మీ రక్తంలోనే చూపిస్తా" అన్నాను.

పెద్ద మేడం గదికి వెళ్లి అనుమతి అడిగాను. ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసి, "ఇష్టమైనవాళ్ల దగ్గరే తీసుకో. పేర్లు వద్దు, నంబర్లు వెయ్యి. నాకు మాత్రం గొడవ తేవద్దు" అన్నారు మరాఠీలో. మొదటి రెండు మాటలూ అక్షరాలా పాటించాను.

మర్నాడు ప్రాక్టికల్‌కు బ్యాచ్ మొత్తం చొక్కా చేతులు మడిచి వచ్చింది. ఒకరి రక్తం ఒకరు తీయడం నేర్చుకునే అవకాశం కదా, జాతరలా ఉంది. రక్తం తీసే ముందు పద్ధతి ప్రకారం "ఎవరికైనా జ్వరం ఉందా?" అని అడిగాను. వెనక నుంచి ఒక్క చెయ్యి లేచింది. ఆ చేతికి ఇంకా గోరింటాకు ఎరుపు ఉంది. భోకర్ కుర్రాడు. అక్క పెళ్లికని ఊరికి వెళ్లి పెళ్లి పనులన్నీ ముగించుకుని అంతకుముందు రోజే తిరిగొచ్చాడు. గోరింటాకు చూసి తోటివాళ్లు వాడికి నౌషా అని పేరు పెట్టారు, అంటే పెళ్లికొడుకు అని. "కొంచెం కొంచెం మేడం, నాలుగైదు రోజులుగా. పెళ్లిలో నిద్ర లేదు, అందుకే. గోళీ వేసుకుంటే తగ్గిపోతుంది" అన్నాడు నౌషా. "అయితే నీకు ఇంకో పరీక్ష కూడా" అని వాడి దగ్గర కొంచెం ఎక్కువ రక్తం తీయించి, క్రిములకు ఆహారం కలిపిన ద్రవం ఉన్న సీసాలో వేశాను. జ్వరం మొదటి వారంలో క్రిమి రక్తంలోనే తిరుగుతూ ఉంటుందనీ, దాన్ని వెచ్చగా ఉంచి పెంచితే సీసా మబ్బుగా మారుతుందనీ, టైఫాయిడ్‌ను నమ్మకంగా పట్టుకునేది ఇదేననీ వివరించాను. ఒక్కరూ వినలేదు. అందరి కళ్లూ గాజు పలకల మీదే ఉన్నాయి.

పలకలు ఊపడం మొదలైంది. ఒకటి విరిగింది. ఇంకొకటి విరిగింది. వరసగా నీలం చుక్కలూ ఎర్ర చుక్కలూ గింజలు కట్టడం మొదలుపెట్టాయి. బ్యాచ్‌లో సగం మందికి పైగా పాజిటివ్! బిలోలి అమ్మాయిది అందరికంటే బాగా విరిగింది. నౌషా చుక్క మాత్రం పాలలా నున్నగా అలాగే ఉండిపోయింది. వాడు రెండు చేతులూ పైకెత్తి "నెగెటివ్! నెగెటివ్!" అని గంతులేశాడు. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. నంబర్లు వేసి పేర్లు దాచిన నా జాగ్రత్త అక్కడికి అయిపోయింది. "మీలో ఎవరికైనా జబ్బుగా ఉందా? లేదు కదా! మరి పాజిటివ్ ఎందుకొచ్చింది?" అని నేను అడిగితే బ్యాచ్ మొత్తం ఒక్క గొంతుతో సరైన జవాబు చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో ఆగి చెరుకు రసం తాగాను. నా జీవితంలో అంత గొప్ప క్లాసు మళ్లీ చెప్పలేనేమో అని కొంచెం దిగులు కూడా పడ్డాను.

నేను చెరుకు రసం తాగుతున్న సమయానికి బిలోలి అమ్మాయి తన పలక ఫోటో తీసి, ఫోన్‌లో ఇంటివాళ్ల గ్రూపుకు పంపింది. కింద "నేను టైఫాయిడ్ పాజిటివ్, క్లాసులో నేనే ఫస్టు" అని సరదాగా రాసిందట. ఫస్టు అన్న మాట ఎవరూ చదవలేదు. మిగిలిన పిల్లలూ ఇలాంటి తెలివైన పనులే చేశారు.

మర్నాడు పొద్దున కాలేజీకి వెళ్లేసరికి డీన్‌గారి గది బయట తల్లిదండ్రులు. కొందరి చేతుల్లో జావ నింపిన స్టీలు డబ్బాలు, కొందరి చేతుల్లో దానిమ్మ పళ్లు. హాస్టల్‌లో పొద్దుటి అటుకుల పోహా ఎవరూ ముట్టుకోలేదట. మెస్ నడిపే మావశి, అంటే మా అందరి పిన్ని, గుమ్మంలోనే నన్ను పట్టుకుని, "కాయ్ హో మ్యాడమ్, మాఝ్యా హాతచం ఖావూన్ కోణ్ మేలం?" (నా చేతి తిండి తిని ఎవరు చచ్చారమ్మా) అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ జనం మధ్యలో హడావిడిగా తిరుగుతున్నది ఒక్కడే, నౌషా. తాను నెగెటివ్ కాబట్టి సేవ చేయడం తన బాధ్యత అనుకున్నాడు. కొబ్బరి బోండాలు సంచీలో మోసుకొచ్చి, స్ట్రాలు పెట్టి, వచ్చిన పెద్దవాళ్లందరికీ మర్యాదగా అందిస్తున్నాడు.

లోపల డీన్‌గారు తల పట్టుకుని కూర్చున్నారు. ఆయన ఎదురుగా బల్లకు ఇటువైపు బిలోలి అమ్మాయి తండ్రి నిలబడి ఉన్నాడు. కుర్చీ ఇచ్చారు గానీ ఆయన భుజాలకు ఆ కుర్చీ సరిపోయేలా లేదు. యవ్వనంలో జాతరల్లో కుస్తీలు పట్టిన మనిషి. బిలోలి చుట్టుపక్కల పైల్వాన్ అంటేనే గుర్తుపడతారు. మట్టిలో రుద్దుకుపోయి, నలిగి, ముడుచుకుపోయిన చెవులు రెండూ తలకు అతికించిన పిండి ముద్దల్లా ఉన్నాయి. నన్ను చూడగానే ఆయన తెలుగులోకి దిగాడు.

"ఏమమ్మా, నా పొల్లకు టైఫాయిడ్ పెట్టింది నువ్వేనా?"

"పెట్టలేదు కాకా. చూసిన, గంతే."

"చూస్తె ఎట్ల అస్తది? మొన్నటిదాంక మంచిగుండె. నువ్వు సూది పొడిసినవ్, సాయంత్రం వరకు పాజిటివ్ అచ్చింది. గిదేం చదువు?"

గదిలో ఉన్న తల్లిదండ్రులందరికీ ఈ తర్కం చాలా బలంగా కనిపించింది. తెలుగు రానివాళ్లు కూడా తలలూపారు. నేను పాఠం మొదలుపెట్టాను. ప్రతిరక్షకాలు, పాత అంటువ్యాధి, వారం తర్వాత రెండో నమూనా... డీన్‌గారు మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టి ఇంగ్లీషులో మెల్లగా అన్నారు: "వీళ్లకు పరీక్ష రాయాల్సిన అవసరం లేదు డాక్టర్. మధ్యాహ్నానికి ఈ మాట పేపరువాళ్లకు చేరుతుంది. వచ్చే నెల మీ ఉద్యోగం కొనసాగించమని నేను ఏ ముఖంతో రాయాలి?" నా పక్కనే నిలబడ్డ పెద్ద మేడం గొడవ తేవద్దన్నాను కదా అన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఉద్యోగం పోతుందంటే ఎవరైనా తగ్గుతారు. నాకు మాత్రం ఇంకా హుషారు వచ్చింది. నేను చెప్పింది నిజమని నాకు తెలుసు, నిరూపించే సాధనం ఎదురుగా ఆరడుగుల ఎత్తున నిలబడి ఉంది.

"కాకా, నీకు జరమున్నదా?" అన్నాను.

"నాకా?" పైల్వాన్ నవ్వితే కిటికీ అద్దాలు అదిరాయి. "పొద్దుగాల జొన్నరొట్టెలు తిని బస్సెక్కిన. జరమేంది, నాకు పడిశం గూడ రాదు."

"అయితే నీ రక్తం కూడ చూద్దామా? గియ్యాల్లనే, గిందరి ముంగటనే?"

"సూడు. బకెట్ దెచ్చుకో" అని పైల్వాన్ చొక్కా చెయ్యి భుజం దాకా లాగాడు.

డీన్‌గారు వద్దనేలోపే అందరినీ మా ప్రయోగశాలకు తీసుకుపోయాను. రక్తం తీసి, పైనున్న నీటిని వేరుచేసి, పలక మీద చుక్క వేసి, తల్లిదండ్రులందరూ చూసేలా గాలిలో ఊపాను. అంతమంది చూస్తుండగా చుక్క విరిగింది. మామూలుగా కాదు, కుండెడు పాలలో నిమ్మకాయ పిండినట్టు విరిగింది. నేను ఆనందం పట్టలేక, "చూడు కాకా! నీ బిడ్డ కంటె నీకే ఎక్కువ అచ్చింది! గిందరిల నీదే ఫస్టు!" అని కేక పెట్టాను. ఇంత బలమైన మనిషికే ఇంత ఎక్కువ వచ్చిందంటే ఇది జబ్బు కాదని ఎవరికైనా అర్థమవుతుంది కదా! చప్పట్ల కోసం చుట్టూ చూశాను.

చప్పట్లు లేవు. పైల్వాన్ ముఖంలో రక్తం లేదు.

"ఎక్కువంటె... ఎంత ఎక్కువ?" అన్నాడు నెమ్మదిగా.

"శానా ఎక్కువ కాకా!"

ఆయన గోడ పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి కాళ్లు చాపాడు. ఆ తర్వాత మెల్లగా వెల్లకిలా పడుకున్నాడు. "గందుకేనా, నిన్నటి సంది మోకాళ్లు గుంజుతున్నయి" అన్నాడు కప్పు వైపు చూస్తూ. "బిడ్డా, జర నీళ్లు తాపియ్యి. పెద్దబాపుకు ఫోన్ చేసి చెప్పు, నేను గిక్కడనే దవాఖానల భర్తీ అయితున్నా అని." చుట్టూ ఉన్న తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వెంటనే వరసలో నిలబడి చొక్కా చేతులు మడవడం మొదలుపెట్టారు. "మాది కూడా చూడండి మేడం. నాకు కూడా నడుము లాగుతోంది." డీన్‌గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. హాస్టల్‌లో మొదలైన టైఫాయిడ్‌ను నేను ఒక్క చుక్కతో మూడు తాలూకాలకు పాకించాను.

అప్పుడు బిలోలి అమ్మాయి తండ్రి పక్కన బెంచీ అంచున కూర్చుంది. నన్ను చూడలేదు, డీన్‌గారినీ చూడలేదు.

"బాపూ, లెవ్వు."

"లెవ్వనీకి వస్తలేదు బిడ్డా."

"సరే, పండుకోనే చెప్పు. నీ చెవులెందుకు గట్లయినయి?"

"ఏ చెవులు?"

"గివే. పిండి లెక్క అయినయి చూడు."

"కుస్తీల అయినయి. నీకెర్కలేదా?"

"ఎన్నటి కుస్తీల?"

"నువ్వు పుట్టకముందటి ముచ్చట. గిప్పుడెందుకది?"

"ఇయ్యాల్ల బస్సుల ఎవడన్న నీ చెవులు చూసి, ఈయన గిప్పుడే కుస్తీ పట్టి అస్తున్నడు అంటె ఏమంటవ్?"

"పిచ్చోడంట."

"మరి ఇయ్యాల్ల నీ రక్తం చూసి, గిప్పుడే టైఫాయిడ్ అచ్చిందంటె?"

పైల్వాన్ పడుకునే ఒక చెవి తడుముకున్నాడు. తర్వాత రెండోది.

"అంటె, నా రక్తానికి గూడ చెవులున్నయంటవా?"

"ఉన్నయనుకో. ఎన్నడో గా పురుగు నీ ఒంట్లెకు అచ్చింది. నీ రక్తం దానితోని కుస్తీ పట్టింది. పురుగు పోయింది, గుర్తు మిగిలింది. గంతే."

"ఎవలు గెలిసిరు?"

"నువ్వు మంచిగున్నవంటె నీ రక్తమే గెలిసినట్టు కదా బాపూ. పురుగును చిత్తు చేసింది."

పైల్వాన్ లేచి కూర్చున్నాడు. మోకాళ్లు గుంజడం ఆగిపోయినట్టు ఉంది. ఆయన నా వైపు తిరిగి, ఎంతో నిష్ఠూరంగా, "గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా మేడమమ్మా! ఫస్టు అచ్చిందని భయపెట్టిస్తివి" అన్నాడు. వరసలో ఉన్న ఒక తండ్రి, మరి నిజంగా ఇప్పుడే జబ్బు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందని మరాఠీలో అడిగాడు. ఆ పిల్ల తడుముకోకుండా మరాఠీలోనే జవాబిచ్చింది: పది రోజులాగి మళ్లీ చూస్తారు, చెవి అలాగే ఉంటే పాత దెబ్బ, ఇంకా బాగా వాచిపోయి ఉంటే కుస్తీ ఇప్పుడు నడుస్తోందని అర్థం. మడిచిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నేను పుస్తకాలు చదివి, బల్ల గుద్ది చెప్పలేకపోయింది ఆ పిల్ల రెండు చెవులతో చెప్పేసింది. గర్వంగా అనిపించింది. కొంచెం అసూయ కూడా కలిగింది. (ఆ చెవుల పోలికను మరుసటి బ్యాచ్ నుంచి నా సొంతదిలా వాడుకున్నాననేది వేరే విషయం.)

నేను ఊరుకుని ఉంటే కథ అక్కడే సుఖంగా ముగిసేది. కానీ పోయిన మర్యాద తిరిగి రావాలి కదా! "సార్, ఇంకొక్కటి చూపిస్తాను. ఈ హాస్టల్ మొత్తంలో టైఫాయిడ్ ఉందో లేదో చెప్పగలిగిన అసలు పరీక్ష నా దగ్గర ఉంది. జ్వరం ఉన్న ఒకే ఒక్కడి రక్తం సీసాలో పెట్టాను. చూడండి, ఎంత తేటగా ఉంటుందో" అని డీన్‌గారితో అంటూ, క్రిములను వెచ్చగా పెంచే పెట్టె తలుపు తీసి, నౌషా సీసాను బయటికి తీసి, అందరికీ కనబడేలా పైకెత్తాను.

సీసా తేటగా లేదు. కడుగునీళ్లలా మబ్బుగా ఉంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పెద్ద మేడం నా చేతిలోంచి సీసా తీసుకుని, ఒక చుక్క గాజు మీద వేసి, రంగులు పోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టారు. చూసి, లేచి, నాకు చోటిచ్చారు. గులాబీ రంగు సన్నటి కడ్డీలు, అద్దం నిండా. దాని పేరేమిటో కచ్చితంగా చెప్పడానికి ఇంకో రోజు పడుతుంది, కానీ ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "పిల్లవాడెక్కడ?" అన్నారు ఆవిడ.

పిల్లవాడు కారిడార్‌లో కొబ్బరి బోండాలు పంచుతున్నాడు. నేను పరుగెత్తుకెళ్లి నుదుటి మీద చెయ్యి వేశాను. పెనంలా కాలుతోంది. పెదవులు ఎండిపోయాయి. గోళీ వేసుకుంటూ, చెమట తుడుచుకుంటూ, పొద్దుటి నుంచీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ సేవ చేస్తున్నాడు. "నేను నెగెటివ్ మేడం!" అన్నాడు నౌషా, నేనేదో పొరపాటు పడ్డానన్నట్టు. "నిన్న మీరే చూశారు కదా!"

"రా నాయనా. అసలైనది నీకే వచ్చింది" అన్నాను.

ఆ మాట వినగానే కారిడార్‌లో ఉన్న తల్లిదండ్రులందరి నోళ్లలోంచి స్ట్రాలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. నౌషా నవ్వబోయి గోడకు ఆనుకున్నాడు. అంతవరకూ తానే రోగినని పడుకున్న పైల్వాన్ జనాన్ని పక్కకు నెట్టుకుంటూ వచ్చాడు. "నడువకు బిడ్డా, నేనున్న" అని వాడిని గోనె సంచీలా భుజాన వేసుకుని వార్డు వైపు నడిచాడు. వెనకే నేను, నా వెనక పెద్ద మేడం, ఆవిడ వెనక డీన్‌గారు, ఆయన వెనక దానిమ్మ పళ్ల సంచీతో ఎవరిదో తల్లి. ఊరేగింపులా వెళ్లాం.

నౌషాకు మందులు వెంటనే మొదలుపెట్టారు. మర్నాడు పెరిగిన క్రిమి టైఫాయిడ్‌దేనని తేలింది. ఇంకొన్ని రోజులు అలాగే గోళీలతో తిరిగి ఉంటే పేగుకు చిల్లుపడి ప్రాణం మీదికే వచ్చేదేమో. వాడి రిపోర్టు నెగెటివ్ అని ఎవరూ వాడి నుదురు తాకి చూడలేదు. క్లాసు అయ్యాక నేనూ తాకలేదు. వాడి జ్వరం దిగేదాకా వార్డు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నా గొంతు దానంతటదే తగ్గిపోయేది. జ్వరం దిగిన రోజున వాడు మంచం మీద కూర్చుని, "మేడం, పరీక్షలో నా కేసే అడుగుతారా?" అని అడిగాడు. అప్పుడుగానీ నాకు మళ్లీ నవ్వు రాలేదు. ఇంతకీ వాడు రెండు వారాలకు పైగా పెళ్లి భోజనాలే తిన్నాడు గనుక, జబ్బు మెస్ నుంచి రాలేదని తేలిపోయింది. మావశి ఆ రోజు సాయంత్రం మా డిపార్ట్‌మెంట్‌కు గిన్నెడు రవ్వ శిరా పంపింది. నెయ్యి అంచుల దాకా తేలుతోంది.

పది రోజుల తర్వాత అదే బ్యాచ్‌కు మళ్లీ పరీక్ష చేశాం. ఈసారి అడగకుండానే డీన్‌గారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. పాజిటివ్ వచ్చినవాళ్లందరిదీ మునుపు ఎంత ఉందో అంతే ఉంది. మొదటిసారి పాలలా నున్నగా ఉండిపోయిన నౌషా చుక్క మాత్రం వేయగానే పెద్ద పెద్ద గింజలు కట్టింది. నేను ఏమీ చెప్పలేదు. బల్ల కూడా గుద్దలేదు. "వాచింది మేడం, చెవి వాచింది!" అని పిల్లలే అరిచారు. నా ఉద్యోగం కొనసాగింది. పైల్వాన్ ఊళ్లో ఎవరు టైఫాయిడ్ అన్నా ముందు తన చెవి చూపించి, ఆ తర్వాత "జరం ఎన్ని దినాల సంది?" అని అడిగి, దవాఖానకు పంపేవాడట. ఆయన చెవి దాటుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం బిలోలిలో చాలాకాలం కష్టమైందని విన్నాను.

ఏళ్లు గడిచాయి. నేను ఇప్పుడు వేరే కాలేజీలో పెద్ద మేడంను. కళ్లద్దాల పైనుంచి చూడటం నాకూ వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయిలు గట్టిగా పాఠం చెబుతుంటే గదిలో కూర్చుని వింటాను, తలుపు వేయమనను. మొన్న వానాకాలంలో ఒక ఆదివారం కర్ఖేలి వెళ్లాను. అమ్మకు ఒళ్లు వెచ్చగా ఉంది. ముట్టుకుని చూశాను. చిన్న జ్వరమే. కానీ అమ్మ ముడుచుకుని పడుకున్న తీరు చూస్తే నా చదువంతా ఎటో పోయింది. వెంటనే బిలోలికి ఫోన్ చేశాను. అక్కడ మందుల దుకాణం పక్కన దవాఖాన పెట్టుకున్నది ఒకప్పుడు నా మొదటి బెంచీలో కూర్చున్న ఆ పిల్లే.

"అమ్మకు జ్వరంగా ఉంది. రక్తం తీసి పంపుతా, ముందు విడాల్ చేసి చెప్పు" అన్నాను ఒక్క గుక్కలో.

అటువైపు నుంచి ఎంతో మర్యాదగా, ఎంతో నెమ్మదిగా వినిపించింది: "మేడం, జ్వరం ఎప్పటి నుంచి?"

మౌఖిక పరీక్షలో దొరికిపోయిన విద్యార్థిలా నిలబడిపోయాను. "నిన్న సాయంత్రం నుంచి... మేడం" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. ఏం చూడాలో, ఎప్పుడు ఏ పరీక్ష చేయాలో, ఏది ఇప్పుడే అక్కర్లేదో ఒక్కొక్కటే చెప్పింది. నేను బుద్ధిగా ఊకొట్టాను. ఫోన్ పెట్టేశాక అమ్మ దుప్పట్లోంచి తల బయటపెట్టింది.

"ఎవలే ఆమె? నువ్వు మేడం అంటున్నవ్?"

"నా దగ్గర చదువుకున్న పిల్లనే అమ్మా."

అమ్మ మళ్లీ దుప్పటి కప్పుకుంటూ, "అయితె మంచిగనే చెప్పినవ్ తియ్యి చదువు" అంది.